భీమశంకర్ నూనెచుక్క

మా భీమశంకర్‌కు లోకంలో ఒకటే వ్యసనం: గాలి తగిలే చోటల్లా నూనెచుక్క వేసి, పసుపు దీపం పట్టి, కళ్లు చికిలించి చూడడం. పరిశోధనాశాలలో అతని పని అదే కనుక జీతమిస్తారు. సెలవునాడూ అదే చేస్తాడు కనుక జనం నవ్వుతారు. నేను మాత్రం గర్వపడతాను. టెల్కో కాలనీ బడిలో అతనికి తెలుగు చెప్పినవాణ్ణి. ‘ఘర్షణ’లోని ఘకారాన్ని గుండెనిండా పలికేవాళ్లం ఈ ఊళ్లో ఇద్దరమే మిగిలాం. సరే, అది వేరే ప్రకరణం.

“గాలి ఎంత గట్టిగా రాసుకుపోతే నూనె అంత పలచబడుతుంది, మాస్టారూ. దీపం పడితే చారలు తేలతాయి. చారల మధ్య ఎడమే రాపిడికి కొలత” అంటాడు. నా స్కూటర్ అద్దం, వాళ్లావిడ శాంత కూలరు, చివరకు టాటానగర్‌లో ఆగిన రైలు కిటికీ, దేన్నీ వదల్లేదు. చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: “శనికి తైలమా?” అతనిదీ ఒకటే కేక: “శని కాదండీ, ఘర్షణ!”

బాగ్‌బేరాలో పోలరాజు హోటల్లో మేమిద్దరం రోజూ దోసె తింటాం. మొన్న మే నెలలో దోసెలు పోసే దాలమ్మ పెనం ముందే కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లి లేపాం.

“ఒంటికి గాలి తగల్నేదు బాబూ. పని మానీయాల. మానేత్తే మా ఇంట పొయ్యెలగదు.”

“అంత పెద్ద గోడపంకా తిరుగుతుంటే ఇంకేటి కావాలే? అన్నీ పనెగ్గొట్టే బహానాలు!” అన్నాడు గల్లా దగ్గర్నుంచి పోలరాజు.

మర్నాడు భీమశంకర్ రెండు నల్లటి గాజుపలకలతో దిగాడు. ఒకటి దాలమ్మ పక్కన, రెండోది గల్లా మీద. చెరో చుక్క.

“ఏటి బాబూ, ఇయాల శనివారం కాదు గదా?”

“శని కాదమ్మా, ఘర్షణ!”

మా దోసెలు చల్లారిపోయాయి. దీపం పట్టి చూస్తే, గల్లా మీది చుక్క పరుచుకుని పట్టుచీర అంచులా చారలు తేలింది. దాలమ్మ పక్కది వేసింది వేసినట్టే ఉంది.

“పోలరాజుగారూ, హోటల్లో గాలంతా మీ బొజ్జనే రాసుకుంటోంది!”

జనం ఘొల్లుమన్నారు. “అరే భాయ్, పంకా ఘుమా దో!” అని ఒకాయన అరిచాడు. పోలరాజు తానే స్టూలెక్కి పంకా మొహం పొయ్యి వైపు తిప్పాడు.

బయటికొచ్చాక అడిగాను. “చెయ్యి పెడితే తెలిసేదానికి ఇంత తతంగమెందుకోయ్?”

“నిన్ననే చెయ్యి పెట్టి చూశాను మాస్టారూ. కానీ ఆవిడ చెప్తే బహానా అన్నాడు. చారలతో ఎలా వాదిస్తాడు?”

ఈ పాఠం నేను చెప్పింది కాదు. అయినా శిష్యుడు నావాడే!

శనివారం వెళ్లేసరికి దాలమ్మ అడక్కుండానే నేతిదోసెలు తెచ్చి పెట్టింది.

“నీ నూనెచుక్క మహిమ బాబూ, నా శని ఒగ్గేసింది!”

రాబోయే కేక తలుచుకుని నేను చెవులు మూసుకోబోయాను. భీమశంకర్ దోసె తుంచి, మెల్లగా అన్నాడు:

“అవునమ్మా, ఒగ్గేసింది.”