బానలో వంతు

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్తల్లో మేము మద్రాసు వాషర్‌మెన్‌పేటలో ఉండేవాళ్లం. ఇళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేయడం మా పని. నా మొగుడు నన్ను కొట్టేవాడు. చేత్తో, చెప్పుతో, ఏది దొరికితే దానితో. ఒక పొద్దున జరీ పంచె మీద నీలం మరక కనబడిందని, బొగ్గులు రాజుకున్న ఇస్త్రీ పెట్టె తెచ్చి నా వీపుకు అదిమాడు. రవికె తోలుకు అంటుకుపోయింది.

బట్టలు ఉతికే రేవులో ఆడవాళ్లు ఆ కాలిన పుండు చూశారు. పెట్టె జారి పడిందన్నాను.

పక్క బండ మీద ఉతికే ముసలామెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె అంది, "జారిన పెట్టె కాలి మీద పడతాది. ఈపెక్కి కూసుంటాదా? మాకు ఇస్త్రీ తెలవదనుకున్నావా?"

నన్ను కులపెద్దల దగ్గరికి తీసుకెళ్లింది. అదే మేం చేసిన తప్పు. వాళ్లు వాడి చేత ఇంక కొట్టనని చెప్పించి, మాకిద్దరికీ తాంబూలం ఇచ్చి ఇంటికి పొమ్మన్నారు. తలుపు మూయగానే, నలుగురిలో పరువు తీశానని వాడు నా జుట్టు పట్టి మొహాన్ని గోడకేసి కొట్టాడు. రెండు పళ్లు ఊడి వచ్చాయి.

మర్నాడు నా నోరు చూసి పెద్దమ్మ, "సరి, మొగోళ్ల పంచాయితీ అయిపొయ్యింది" అంది.

మురికి బట్టలు ఉడకబెట్టే బాన మా వీధికంతటికీ ఒకటే. మంట వేసేది, వంతులు చెప్పేది ఆడవాళ్లు. నా మొగుడు మూట తెస్తే దించనివ్వలేదు.

"ఈడ నీకు వంతు లేదు, పోప్పా."

"ఎవురు చెప్పింది?"

"మేమే."

వాడు బాన పక్కనున్న నా మీదికి దూకాడు. పెద్దమ్మ పురి తిప్పిన తడి దుప్పటితో వాడి మెడ మీద కొట్టింది. మిగతావాళ్లూ అందుకున్నారు. వాడి చెవిలోంచి నెత్తురు వచ్చింది. నేనూ కొట్టాను. అబద్ధం ఎందుకు, ఆపబుద్ధి కాలేదు. పెద్దమ్మే నా చెయ్యి పట్టుకుంది.

"చాలు. ఆడు చస్తే నువ్వు జైలుకు పోతావే."

ఆ నెలంతా ఆమె ఇంట్లో బోర్లా పడుకున్నాను. పుండుకు ఆమే మందు రాసేది. బాన లేక వాడి మూటలు కుళ్లాయి. ఇళ్లవాళ్లు బట్టలు వేయడం మానేశారు. వాడు తొండియార్‌పేటకు పోయి హార్బరులో కూలీగా చేరాడు. అక్కడి నుంచి వాళ్ల మేనమామ కబురు తెచ్చాడు, నేను వస్తే ఏలుకుంటాడని.

రానని చెప్పాను. ఆయన కదల్లేదు. మళ్లీ చెప్పాను.