కాగులో దేవజానయ్య

ఆ రోజుల్లో పల్లెటూరి పంతులుకు చదువు కొంచెమున్నా ధైర్యం దండిగా ఉండాలనేవారు. నా దగ్గర రెండూ అరకొరే. పోలీసు యాక్షన్ ముగిసినా, నల్గొండ పల్లెల్లో కమ్యూనిస్టు దళాల కోసం మిలిటరీ ఇంకా గాలిస్తున్న కాలం. పంతొమ్మిదేళ్ల నేను రెండు ట్రంకు పెట్టెలతో, వాసన నూనె పట్టించిన జుట్టుతో ఒక ఊరి బడికి సారుగా దిగాను. దిగిన వారానికే పిల్లలకు నిరాడంబర జీవితం గురించి బోధించాలని బుద్ధి పుట్టింది. (ఆ వయసులో మనకు తెలియనిదాన్నే ముందుగా బోధిస్తాం.)

ఉర్దూలో చదువుకున్నవాణ్ణి కాబట్టి గ్రీకు తత్వవేత్త డయోజనీస్ నాకు దేవ్‌జాన్స్‌గానే తెలుసు. పిల్లల నోట్లో పడి ఒక్క పూటలో ఆయన దేవజానయ్య అయ్యాడు. ఇల్లు వద్దని పెద్ద మట్టికాగులో కాపురమున్నాడనీ, ఓ పిల్లవాడు దోసిలితో నీళ్లు తాగడం చూసి తనకున్న ఒక్క గిన్నెనూ పారేశాడనీ, సికందర్ బాదుషా, అంటే అలెగ్జాండర్, వచ్చి ఏం కావాలో కోరుకోమంటే “ఎండకు అడ్డమొచ్చావు, పక్కకు జరుగు” అన్నాడనీ చేతులు తిప్పుతూ చెప్పాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నా బోధనకు నేనే మురిసిపోయాను.

మర్నాడు ఒక్కరూ పలక తేలేదు. “దేవజానయ్యకు పలకున్నదా సారూ?” అంది కుమ్మరివాళ్ల పిల్ల. ఎనిమిదేళ్ల గడుగ్గాయి, అందరూ బుడ్డవ్వ అని పిలిచేవాళ్లు. ఆ మాట అని తన దండును వెంటేసుకుని బయటికి నడిచింది. వెనకాలే పరుగెత్తి చూస్తే కుమ్మరి వాకిట్లో వరసగా పెట్టిన నాలుగు ధాన్యపు కాగుల్లో నలుగురు దేవజానయ్యలు! సరిగ్గా అప్పుడే మిలిటరీ వాళ్లు ఆ వాకిట్లోకి వచ్చారు.

ఒక కాగు కదిలింది. “బాహర్ నిక్లో!” అంటూ ఓ జవాను తుపాకీ ఎత్తాడు. కాగులోంచి బుడ్డవ్వ తల పైకి లేచింది. ఎదురుగా నిలబడ్డ మీసాల ఆఫీసరును ఎగాదిగా చూసి, “జర పక్కకు జరుగు. ఎండ వడ్తలేదు,” అంది.

ఏమంటోందని ఆఫీసరు నన్ను ఉర్దూలో అడిగాడు. “సలాం చేస్తోంది సాబ్,” అన్నాను.

“సలాం అనలే సారూ! జరుగుమన్న. దేవజానయ్య గట్లనే అన్నడని నువ్వే చెప్తివి గదా!”

దళంవాళ్లందరికీ మారుపేర్లుండే కాలం. ఆఫీసరు ఆ పేరు పట్టుకున్నాడు. “ఎవడు వాడు? ఎక్కడుంటాడు?” భయంతో నిజమే చెప్పేశాను. “ఇల్లు లేదు సాబ్. ఆస్తి వద్దంటాడు. రాజులంటే లెక్కలేదు.” నా ఒక్కో మాటకు ఆయన కనుబొమలు పైకి లేచాయి, జవాను తుపాకీ నావైపు తిరిగింది.

“ఏ ఊరు?”

“యునాన్, సాబ్.” గ్రీసును ఉర్దూలో అలాగే అంటాం.

“యునానీ హకీమా?”

“కాదు సాబ్! చచ్చిపోయి రెండువేల ఏళ్లు దాటింది. సికందర్ కాలంవాడు!”

సికందర్ పేరు వినగానే ఆయన ఆగాడు. కాగు వైపు, ఎండ వైపు, కింద పరుచుకున్న తన నీడ వైపు చూశాడు. మీసాలు అదిరాయి. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు కుమ్మరివాళ్ల కోళ్లు చెల్లాచెదురయ్యాయి. చిన్నప్పుడు తన మాస్టరూ ఈ కథ చెప్పాడట. తుపాకీ దించమని సైగచేసి, బూట్లు టకటకలాడిస్తూ రెండడుగులు పక్కకు జరిగాడు. బుడ్డవ్వ మొహం నిండా ఎండ పడింది. “ఇగ పో,” అంది.

మిలిటరీ పోయింది గానీ బుడ్డవ్వ కాగు మూతిలో ఇరుక్కుని బయటికి రాలేకపోయింది. వాళ్లమ్మ వచ్చి, కొత్త కాగును రాయితో పగలగొట్టి బిడ్డను లాగింది. తర్వాత నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. “గీ కత ఉన్నోళ్లకు చెప్పుండ్రి సారూ,” అంది మెల్లగా. “ఇడ్సిపెట్టనీకి మా పోరల కాడ ఏమున్నది?”

నేను తల వంచుకుని బడికి వచ్చి, మర్నాటి నుంచి బుద్ధిగా ఎక్కాలు చెప్పుకున్నాను. ఆ పంతొమ్మిదేళ్ల సారు ఇప్పుడు ఎదురైతే పక్కన కూర్చోబెట్టుకుని, బోధించే ముందు ఆ పిల్లలు పొద్దున ఏం తిన్నారో అడగమని చెప్పాలనిపిస్తుంది. వింటాడన్న ఆశ మాత్రం లేదు. పాపం, వాడికి చెప్పడమే తప్ప వినడం ఇంకా రాదు.