పొక్ మాన్ తాడులేని పటం

దెరామన్ అన్న పేరు ఆయన గుర్తింపు కార్డులో తప్ప ఇంకెక్కడా వినిపించదు. తుంపాట్ దగ్గరి ఆ ఊళ్ళో పిల్లా పెద్దా అందరికీ ఆయన పొక్ మాన్, అంటే మాన్ బాబాయి. వెదురు చీల్చి, రంగు కాగితాలు కత్తిరించి, మనిషికన్నా పెద్ద చంద్రపటాలు, అంటే నెలవంక తోక గాలిపటాలు, కట్టడం ఆయన పని. కట్టినవి అమ్ముకోవడం కన్నా ఎగరేయడం మీదే ఆయనకు మోజు. తలమీద గాలికి మోగే విల్లు బిగించిన పటం పైకెక్కి బొంయ్‌మని మూలుగుతుంటే, కింద తాడు పట్టుకుని నిలబడ్డ పొక్ మాన్‌కి రాజులూ రాజ్యాలూ లెక్కలేదు.

అలాంటి పటమే కిందటేడు పోటీలో గాలి మళ్ళినప్పుడు ఒక్క గుంజు గుంజి ఆయన కుడిభుజం కీలు ఊడదీసింది. కీలు సర్దుకుంది గానీ బలం తిరిగి రాలేదు. ఇక తాడు జోలికి పోవద్దన్నాడు డాక్టరు. అప్పట్నించీ పొక్ మాన్ అరుగు మీద కుర్చీ వేసుకుని, ఆకాశంలో ఎవరి పటం కనిపించినా వంకలు పెట్టడమే పనిగా పెట్టుకున్నాడు. దీని తోక బరువు, దాని విల్లు బొంగురు. పైకి అలా అన్నా, ఆకాశంలో తనదంటూ ఒకటి లేకపోతే తనూ ఉత్త ముసలాడే కదా అన్న దిగులు ఆయన్ని లోపల తొలిచేస్తోంది.

ఆ రోజుల్లో మోటారు సైకిళ్ళ దుకాణంవాళ్ళు చీటీలు తీస్తే పొక్ మాన్‌కి ఒక బొమ్మ హెలికాప్టరు తగిలింది. బొమ్మంటే మరీ చిన్నది కాదు, మూర పొడవుంది. దాంతోపాటు రెండు పుల్లలున్న రిమోటు. పక్కవాళ్ళకి అన్నం కుక్కరు వచ్చింది. ఆయన భార్య మెక్ నాబ్ ఆ కుక్కరు వంక చూసి ఈ హెలికాప్టరు వంక చూసి, "మన మొహానికి ఇదే రాసుంది" అని నిట్టూర్చింది.

ఆమె అక్క కొడుకు అజ్వాన్ మాత్రం అదే రోజు బండేసుకుని ఊడిపడ్డాడు. "బాబాయ్, ఈ వయసులో నీకెందుకిది? నాకిచ్చెయ్, నేర్చుకుని నీకు చూపిస్తా."

"నువ్వు చూపించేదేంట్రా? నీ లాగు జారిపోయే రోజుల్నించీ ఆకాశం నా చేతిలో ఉంది" అన్నాడు పొక్ మాన్.

ఆ మాట అన్నాడు గానీ, మొదటి శుక్రవారమే పరువు గంగలో కలిసింది. కోసేసిన వరిపొలంలో ఒక పక్క పటాలవాళ్ళు, ఇంకో పక్క దూరంగా ఇద్దరు ముగ్గురు హెలికాప్టర్లవాళ్ళు ఉంటారు. వాళ్ళలో సూరియా అనే అమ్మాయి పళ్ళ ఆసుపత్రిలో నర్సు. ఆమెని పక్కన నిలబెట్టుకున్నాడు పొక్ మాన్. హెలికాప్టరు పడ్డా బోల్తా కొట్టకుండా దాని కాళ్ళ కింద అడ్డంగా కర్రలు కట్టాలని ఆమె చెబితే, కొన్నవి వద్దని తనే వెదురు చీల్చి, నాలుగు కొసలకీ బంతులు గుచ్చి, చూడముచ్చటగా తయారుచేశాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత హెలికాప్టరుని ముక్కు తనవైపు ఉండేలా నేల మీద పెట్టాడు.

"అలా కాదు పొక్ మాన్, తిప్పండి. తోక మీవైపు ఉండాలి" అంది సూరియా.

"అదేం మాటమ్మా! ఎగరేసేవాడికి మొహం చూపించాలా, వీపు చూపించాలా?"

"ముక్కు మీవైపుంటే అన్నీ తలకిందులు. మీ ఎడమ దానికి కుడి అవుతుంది. కొత్తలో అలా ఎగరేస్తే..."

ఆమె మాట పూర్తి కాకముందే ఆయన లేపేశాడు. అది నడుమెత్తు లేచింది. ఊగింది. మెల్లిగా అవతలికి జరగడం మొదలుపెట్టింది. పటం దూరంగా పోతుంటే ఎవరైనా ఏం చేస్తారు? గుంజుతారు. పొక్ మాన్ కూడా పుల్లని తనవైపు గుంజాడు. ముక్కు ఇటు తిరిగి ఉన్న హెలికాప్టరుకి గుంజడమంటే వెనక్కి పొమ్మనడమే. అది ఇంకాస్త దూరం పోయింది. ఆయన ఇంకాస్త గట్టిగా గుంజాడు. అది బుద్ధిగా చెప్పిన మాట విని, గట్టు దాటి, బాతుల మడుగులో దిగింది. బాతులన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి.

పటాలవాళ్ళలోంచి చే సెనిక్ గొంతు వినిపించింది. పొక్ మాన్‌తో పాతికేళ్ళుగా పోటీలు పడుతున్న మనిషి అతను. "పొక్ మాన్! తాడు కట్టడం మర్చిపోయినట్టున్నావే! ఓ మూర కావాలంటే నేనిస్తా!"

బాటరీ ఆరబెట్టుకుని మళ్ళీ వచ్చినప్పుడు పొక్ మాన్ దాన్ని తిప్పి పెట్టాడు, పంతం చచ్చి. కానీ ఆ వీపు చూస్తే ఆయనకి నమ్మకం కుదరడంలేదు. ఆయన లెక్కలో వీపు చూపించిన పటమంటే తాడు తెగిన పటం. అది ఇక తిరిగి రాదు. దాని వెంట పొలాలు తొక్కుకుంటూ పరిగెత్తాల్సిందే. అందుకని హెలికాప్టరు గాల్లోకి లేవగానే చేతులు వాటంతటవే పుల్లని వెనక్కి లాగేవి. తోక ఇటున్నప్పుడు లాగితే అది నేరుగా ఆయన మీదికే వస్తుంది. ఒకసారి టోపీ ఎగరగొట్టింది. ఇంకోసారి ఆయనే బోర్లా పడి తప్పించుకుంటే, అది వెనక మెక్ నాబ్ ఎండబెట్టిన చేప అప్పడాల తట్టలో కూలింది.

"చేతికి ఏమీ తెలీడంలేదమ్మా. పటమైతే వేళ్ళకి చెబుతుంది, గాలి ఇటుందీ, నేను అలిసిపోయానూ అని. ఇది మూగది" అన్నాడు సూరియాతో.

"దీనికి కళ్ళతోనే వినాలి పొక్ మాన్. కాస్త నెట్టండి, వెంటనే వదిలెయ్యండి. గుంజడం మాత్రం మానండి."

"ఆయనకి గుంజడం తప్ప ఏమొచ్చు?" అంది మెక్ నాబ్, విరిగిన అప్పడాలు ఏరుకుంటూ. ఆవిడకి ఓపిక నశించింది. "ఇదిగో, వచ్చే శుక్రవారం దాకా చూస్తా. ఆపైన కాలవ నీళ్ళు వదిలేస్తారు, ఎగరేయడానికి పొలమే ఉండదు. నేను ఒక గ్లాసు కాఫీ తాగి ముగించేదాకా ఇది కింద పడకుండా గాల్లో నిలబడాలి. నిలబడితే నీది. పడిందా, అజ్వాన్ పట్టుకుపోతాడు."

విన్నవాళ్ళంతా పొక్ మాన్ వైపు జాలిగా చూశారు. మెక్ నాబ్ కాఫీ సంగతి ఊరందరికీ తెలుసు. ఒక గుక్కకి నాలుగుసార్లు ఊదుతుంది, రెండు గుక్కల మధ్య ఒకరి పెళ్ళి కుదిర్చి ఇంకొకరిది చెడగొడుతుంది.

ఆ వారమంతా పొక్ మాన్ పొద్దున నమాజు కాగానే పొలంలో ఉండేవాడు. కప్పలా గెంతించాడు. తర్వాత మోకాలెత్తున నిలిపాడు. రెక్కలు రెండు జతలు మార్చాడు. బొటనవేళ్ళు పుల్లల మీద ఆనించి, గుంజబోయినప్పుడల్లా పళ్ళు బిగబట్టి, "ఉండనీ, ఉండనీ" అని తనకు తానే నచ్చచెప్పుకునేవాడు. అరుగు మీది కుర్చీ ఆ వారం ఖాళీగానే ఉంది.

శుక్రవారం సాయంత్రం అజ్వాన్ బండికి వెనక తాడు కూడా కట్టుకుని వచ్చాడు, హెలికాప్టరు పెట్టె బిగించుకుపోవడానికి. చే సెనిక్ తన పటం దించి మరీ వచ్చి కూర్చున్నాడు. మెక్ నాబ్ చాప మీద కూర్చుని ఫ్లాస్కులోంచి సెగలు కక్కే కాఫీ గ్లాసులో పోసుకుంది.

హెలికాప్టరు లేచింది, తోక ఇటు పెట్టి. ఛాతీ ఎత్తున నిలబడింది. పొక్ మాన్ రెప్ప వేయడంలేదు. మెక్ నాబ్ ఊదింది. ఒక గుక్క తాగింది. పక్కింటావిడ కోడలి సంగతి ఎత్తింది.

"పిన్నీ, నిదానం. కంగారేం లేదు" అన్నాడు అజ్వాన్ నవ్వు ఆపుకుంటూ.

అప్పుడే గాలి వీచింది. హెలికాప్టరు వీపు చూపిస్తూ ముందుకి కొట్టుకుపోయింది. తెగిన పటం పోయినట్టే పోయింది. పొక్ మాన్ భుజాలు బిగుసుకున్నాయి. "గుంజెయ్!" అని అరిచాడు చే సెనిక్, అలవాటు కొద్దీ. పొక్ మాన్ గుంజలేదు. పుల్లని చిటికెడంత వెనక్కి తెచ్చి వదిలేశాడు. ఆగాడు. మళ్ళీ చిటికెడు. హెలికాప్టరు పోవడం మానింది. మెల్లిగా వెనక్కి జరుగుతూ వచ్చి, ఆయన ముందు అణగి నిలబడింది.

"ఓరి నీ..." అన్నాడు చే సెనిక్, మిగతాది మింగేసి.

కానీ సూరియా మొహంలో కంగారు. "పొక్ మాన్, బాటరీ అయిపోవచ్చింది. ఇంకెంతోసేపు నిలవదు." మెక్ నాబ్ చేతిలో గ్లాసు ఇంకా ముప్పాతిక నిండుగా ఉంది.

ఆ మాట మెక్ నాబ్ చెవిన పడింది. మొగుడి వైపు చూసింది. చెమటలు కారుతున్న ఆ మొహంలో, భుజం చెడ్డాక మళ్ళీ కనబడని వెలుగు కనబడింది. పక్కింటావిడ కోడలిని మధ్యలో వదిలేసింది. తల వెనక్కి వంచి, సెగలు కక్కుతున్న కాఫీని గడగడా ఒక్క పట్టున తాగేసి, గ్లాసు బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు.

"అన్యాయం పిన్నీ! నువ్వెప్పుడైనా అలా తాగావా?" అని అజ్వాన్ లేచాడు.

ఆవిడ కాలిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

పొక్ మాన్ హెలికాప్టరుని ఎలాగో నేలకి దించాడు, వెనక్కి తిరిగాడు. బోర్లించిన గ్లాసు చూశాడు. ఆవిడ మొహం చూశాడు. రిమోటు సూరియా చేతిలో పడేసి, గట్టు మీద చెరకురసం బండి దగ్గరికి ఆ వయసులో పరుగు తీశాడు. ఐసు ముక్కలు దోసిట్లో పట్టుకొచ్చి భార్య పక్కన చతికిలబడి, "నోరు తెరువు, నాబ్" అన్నాడు. హెలికాప్టరుని పొలంలోంచి ఎవరు తీశారో, పెట్టెలో ఎవరు సర్దారో ఆ సాయంత్రం ఆయన అడగనే లేదు.