ఆగమ్మగారి పరీక్షకు కూర్చున్న చాట్ యాప్‌లు

వస్తువైనా సరే, మనిషైనా సరే, కాసేపు కాచుకోబెట్టి చూడనిదే ఆగమ్మగారు నమ్మరు. ఆవిడ అసలు పేరు ఇంటి కాగితాల్లో ఎక్కడో ఉంది. రోజుకి వందసార్లు ఆవిడ నోట వచ్చే మాట "ఆగు" కాబట్టి వీధి మొత్తానికీ ఆవిడ ఆగమ్మగారే.

ఒకసారి ఫ్యాను కొనడానికి వెళ్ళి, దాన్ని తిప్పించి, ఎదురుగా కుర్చీ వేయించుకుని గంటన్నర కూర్చున్నారు.

"ఇంకా ఏం చూస్తారమ్మా? తిరుగుతోందిగా!" అన్నాడు దుకాణదారు, ఉండబట్టలేక.

"కొత్తలో అన్నీ తిరుగుతాయి నాయనా. విసుక్కుంటుందేమోనని చూస్తున్నా."

ఫ్యాను విసుక్కోలేదు. దుకాణదారు విసుక్కున్నాడు. ఆవిడ ఫ్యాను కొన్నారు గానీ మళ్ళీ ఆ దుకాణం మెట్లెక్కలేదు.

కూతుర్ని చేసుకుంటామని ముగ్గురు వస్తే ముగ్గురికీ అదే పరీక్ష. ముందుగదిలో కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా నాయనా" అని లోపలికి వెళ్ళి హాయిగా నిద్రపోయారు. మొదటివాడు పావుగంటకే గడియారం చూసుకున్నాడు. రెండోవాడు ముప్పావుగంటకి ఫోన్లో ఎవరి మీదో అరిచాడు. మూడోవాడి దగ్గరికి ఆవిడ రెండు గంటల తర్వాత లేచి వచ్చేసరికి, అతను స్టూలెక్కి కిర్రుమంటున్న తలుపుకి నూనె వేస్తున్నాడు. ఇప్పుడు దుకాణంలో సరుకు చూసుకునే అల్లుడు అతనే.

దుకాణం విగ్గులది. ముందు భాగంలో అద్దమూ, అద్దానికి తెరా, గోడ పొడుగునా చెక్క తలకాయలు. వెనక గదిలో ముగ్గురు ఆడవాళ్ళు సన్నటి వల మీద ఒక్కొక్క వెంట్రుకే కొక్కెం సూదితో ముడి వేస్తూ ఉంటారు. ఒక విగ్గు కావడానికి మూడు వారాలు పడుతుంది. తొందరపడేవాళ్ళకి అచ్చిరాని వ్యాపారం.

అలాంటి వ్యాపారానికి తొందర వచ్చిపడింది. పెద్దరోడ్డు మీద అద్దాల షోరూం ఒకటి వెలిసింది. వాళ్ళకి వెబ్‌సైటు ఉంది, అందులో ఏమడిగినా టక్కున జవాబిచ్చే చాటూ ఉంది. ఆర్నెల్లలో ఆగమ్మగారి బేరాలు సగానికి పడిపోయాయి. వెనక గదిలో ముగ్గురిలో ఒకరిని మానిపించక తప్పేట్టు లేదు.

అప్పుడు రంగంలోకి దిగింది మేనకోడలు. వెబ్‌సైటు కట్టడం ఆ పిల్లకి మంచినీళ్ళ ప్రాయం. పది రోజుల్లో సైటు తయారు చేసేసింది. మిగిలింది చాట్ యాప్ ఒక్కటే. పదకొండు యాప్‌లు ఏరి, కాగితం మీద వరసగా రాసి, అత్త ముందు పెట్టింది.

"ఇందులో ఏదైనా ఫరవాలేదత్తా. సాయంత్రానికి తేల్చేద్దాం."

"ఆగు," అన్నారు ఆగమ్మగారు.

ఆ సాయంత్రం రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

మొదటి యాప్ తెరవగానే టింగుమని గంట మోగింది. మూలనుంచి ఒక అమ్మాయి బొమ్మ పళ్ళికిలిస్తూ పైకి లేచి, "మీకెలా సాయపడగలను?" అంది.

"ఎవరే ఈ అమ్మాయి?"

"ఎవరూ కాదత్తా, ఉత్త బొమ్మ."

"లేని మనిషి అంత నవ్వుతోందా! గుమ్మంలో కాలు పెట్టగానే మీదపడే కొట్లో నేను గుండుసూది కూడా కొనలేదు. తీసెయ్."

రెండోది మరమనిషి యాప్. దానికి "నమస్తే" అని కొట్టి, ఆగమ్మగారు లేచి వెళ్ళి ఒక విగ్గుకి చిక్కు తీయడం మొదలుపెట్టారు. నిమిషానికి అది "మీరింకా ఉన్నారా?" అంది. రెండో నిమిషానికి మళ్ళీ అడిగింది. మూడో నిమిషానికి "సంభాషణ ముగిసింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అంది.

ఆవిడ దువ్వెన పట్టుకునే వచ్చి చూశారు. "మొహం మీద తలుపేసి, మర్యాద బావుందా అని అడుగుతోందేమిటే ఇది!"

మూడోదాన్ని అమ్మే కుర్రాడు వీడియో కాల్‌లో ప్రత్యక్షమయ్యాడు. మంచి మాటకారి. "మేడమ్, మా దాంట్లో ఎక్కడా లేని సౌకర్యం ఒకటుంది. కస్టమర్ టైపు చేస్తుండగానే, ఇంకా పంపకముందే, మీకు కనిపించేస్తుంది! రాసి కొట్టేసింది కూడా!"

"పంపకముందు అది వాళ్ళ మాట. నేనెందుకు చూడాలి?"

"ముందే తెలిస్తే జవాబు రెడీగా పెట్టుకోవచ్చు కదండీ."

"నాయనా, నువ్వు పక్కింటి కిటికీలోంచి తొంగి చూస్తావా?"

"అయ్యో, లేదండీ!"

"మరి నన్నెందుకు చూడమంటున్నావు? ఆగు, ఇప్పుడే వస్తా," అని ఆవిడ లేచి వెళ్ళారు. కుర్రాడు నలభై నిమిషాలు ఖాళీ కుర్చీతో మాట్లాడి వెళ్ళిపోయాడు.

నాలుగోది మాట మొదలుపెట్టకముందే పేరూ, ఫోన్ నంబరూ రాయమంది. "పేరు చెప్పకపోతే గుమ్మం ఎక్కనివ్వదా? పొమ్మను." అయిదోది, ఆరోది, ఏడోది కూర్చోబెడితే కూర్చోలేదు. ఎనిమిదోది నాలుగు నిమిషాలు ఆగి, తగ్గింపు ఇస్తానంటూ వెంటపడింది. తొమ్మిదోది వచ్చేసరికి మేనకోడలికి ఓపిక నశించింది.

"అత్తా! నువ్వు తెచ్చుకునేది చాట్ యాప్! అల్లుణ్ణి కాదు!"

"అల్లుడు నట్టింట్లో ఉంటాడు, తేడా వస్తే సర్దుకుంటాం. ఇది గుమ్మంలో కూర్చునేది. జాగ్రత్తగా ఎంచుకోవద్దూ?"

పదోది చూడ్డానికి పరమ వికారంగా ఉంది. బూడిదరంగు డబ్బా. గంట లేదు, బొమ్మ లేదు, నక్షత్రాలు అంతకన్నా లేవు. ఆగమ్మగారు అందులో సగం మాట కొట్టి, బజారుకెళ్ళి, భోజనం చేసి, కునుకు తీసి వచ్చారు. డబ్బా ఎక్కడిదక్కడే ఉంది. సగం మాట సగంగానే ఉంది.

"ఇది కూర్చుందే!" అన్నారు మురిసిపోతూ.

"ఇందులో రిపోర్టులేమీ రావత్తయ్యగారూ," అని నసిగాడు అల్లుడు.

"రిపోర్టుకేం, నేను చెప్తాను. ఇదే ఖాయం."

సోమవారం పొద్దున సైటు తెరిచారు. మేనకోడలు కంప్యూటరు ముందు, పక్కనే ఆగమ్మగారు ఒళ్ళో చెక్కతలతో. పదిన్నరకి డబ్బాలో ఒకే ఒక్క మాట పడింది: "విగ్గు".

మేనకోడలు ధరల పట్టిక పంపబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ "చెప్పండి, ఇక్కడే ఉన్నాను" అని కొట్టి, మళ్ళీ సూది తీసుకున్నారు.

అయిదు నిమిషాలు. పది. అవతల ఎవరో రాస్తున్నట్టు చుక్కలు కదులుతాయి, ఆగిపోతాయి.

"పోయుంటారత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు.

"పోలేదు." ఆవిడ ముడి మీదనుంచి చూపు తిప్పలేదు. "మన కొట్టుకి ఎదురుగా బస్టాపుందా? అక్కడ నిలబడేవాళ్ళంతా బస్సు కోసం కాదు. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నా. జుట్టు ఊడినవాళ్ళు మూడు బస్సులు వదిలేసి, అప్పుడు రోడ్డు దాటతారు. నేను బయటికెళ్ళి రండి రండి అని పిలిచాననుకో, నాలుగో బస్సెక్కి వెళ్ళిపోతారు. వాళ్ళ కోసం కాచుకునే ఓపిక ఉన్నవాళ్ళే ఈ గుమ్మంలో కూర్చోవాలి. అది మనిషైనా సరే, డబ్బా అయినా సరే."

మేనకోడలు పంపబోయిన ధరల పట్టిక మూసేసింది. పద్దెనిమిది రోజులు తాను విసుక్కున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అల్లుడు కిటికీలోంచి బస్టాపు వైపు కొత్తగా చూశాడు.

ఇరవై ఆరో నిమిషంలో డబ్బా కదిలింది.

"మా ఆవిడకండి. వైద్యం జరుగుతోంది. తనకి చెప్పకుండా అడుగుతున్నాను. తల కొలత ఎలా తీయాలి?"

ఆగమ్మగారు చెప్పారు: నుదుటి మీదుగా, చెవుల పైనుంచి, వెనక మెడ దాకా. మెత్తటి టేపుతో.

"ఇప్పుడు నిద్రపోతోంది. ఆగండి, తీసుకొస్తా."

"వెళ్ళిరండి," అని కొట్టారావిడ. ముగ్గురూ డబ్బాకేసే చూస్తూ ఉండిపోయారు. వెనక గదిలో పనివాళ్ళు కూడా తలుపు దగ్గరికొచ్చారు. జన్మలో ఎవరి కోసమూ కాచుకోనివాడిలా కాళ్ళాడించాడు అల్లుడు.

"లేచేసింది," అని వచ్చింది చివరికి. "ఏం చేస్తున్నారు అని అడిగింది. చెప్పేశాను."

ఆ తర్వాత చాలాసేపు చుక్కలు కూడా లేవు. మేనకోడలు గోళ్ళు కొరుక్కుంది. ఈసారి ఆగమ్మగారి సూది కూడా ఆగిపోయింది.

మళ్ళీ చుక్కలు కదిలాయి, ఈసారి ఆగకుండా.

"నేను ఆవిణ్ణి. ఆయన కొలిచింది శుద్ధ తప్పు, ముక్కు కూడా కలిపి కొలిచారు. నేనే తీసి పంపుతాను. ఒక్కమాట. నా పాత జుట్టులాంటిది నాకొద్దు. ఎప్పట్నుంచో ఎర్ర జుట్టు మీద మనసు. ఈయన ఒప్పుకునేవారు కాదు. ఇప్పుడు కాదనమనండి చూద్దాం! ఎర్రవి ఉన్నాయా?"

మేనకోడలు పైకి చదవగానే, తలుపు దగ్గర పనివాళ్ళు గొల్లున నవ్వారు.

"అత్తయ్యగారూ, మన దగ్గర ఎర్రది ఒక్కటీ లేదు," అన్నాడు అల్లుడు కంగారుగా.

ఆగమ్మగారు కంప్యూటరు తన వైపు లాక్కుని కొట్టారు: "ఏ ఎరుపమ్మా? దానిమ్మ గింజా, ఇటుకా?"