మణెమ్మ కట్టిన టమాట డబల్ రొట్టె

మణెమ్మకు డబల్ రొట్టె పేరెత్తితేనే ఒళ్లు మంట. నల్గొండ దిక్కు వాళ్ల ఊళ్లో జ్వరమొచ్చినవాళ్లకు తప్ప ఎవరికీ పెట్టని తిండి అది. అలాంటిది కోడి కూసే వేళకు లేచి, నిక్షేపంగా తిరుగుతున్న మొగుడికి దాన్ని డబ్బాలో సర్దాల్సొస్తే మండదా మరి!

మొగుడు అంతయ్య దిల్‌సుఖ్‌నగర్ నుంచి సిటీ బస్సు నడుపుతాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. అల్మాస్‌గూడ ప్లాటులో రెండు గదులు లేచిన ఏడే, ఎనభై ఆరులో, అతనికి షుగరు బయటపడింది. డాక్టర్ వెంకటేశ్వరరావు కోస్తా మనిషి, మెత్తగానే చెప్పాడు. "మధ్యాహ్నం డబ్బాలో అన్నం వద్దండీ. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పచ్చి టమాటా పెట్టి శాండ్‌విచ్ కట్టివ్వండమ్మా. నెలకి కూడా షుగరు దిగకపోతే స్టీరింగు ఇవ్వరు, డిపో గేటు దగ్గర డ్యూటీకి వేస్తారు."

గేటు మాట వినగానే అంతయ్య ముఖం పాలిపోయింది. అది చూసి మణెమ్మ, "నేను జేస్త సారూ, దాంట్ల ఏమున్నది" అంది.

ఉన్నది, చాలానే ఉన్నది. పండిన టమాట కత్తిపీట మీద చితికి, రసం మోచేతి దాకా కారేది. దోరది కోస్తే అంతయ్య పళ్లు పులిసేవి. ఉప్పు చల్లితే తినే వేళకు నీళ్లూరి రొట్టె ముద్దయ్యేది. "ఏందిది, అంబలా?" అని అతను విసుక్కుంటే, "అయితే రేపటి సంది నువ్వే చేస్కో" అని డబ్బా విసిరినంత పని చేసేది. పక్కింటి అండాలమ్మ గోడ మీంచి తొంగి చూసి రోజూ ఒకటే అడిగేది, "ఎవలికి జరమొచ్చిందే?" ఆ గోడను కూలగొట్టాలనిపించేది మణెమ్మకు.

అయినా వదల్లేదు. గింజలు తీసేసి, చక్రాలను బట్ట మీద ఆరబెట్టి, ఉప్పూ మిరియాల పొడీ వేరే పొట్లం కట్టింది. మూడో వారానికి రొట్టె పొడిగా, టమాట తాజాగా నిలిచింది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. ఎన్ని చేసినా అది సద్ది అని, కడుపు నిండే బువ్వ అని మాత్రం ఆమె నోట రాలేదు. డ్యూటీ దిగి పీక్కుపోయిన ముఖంతో వచ్చే అంతయ్యను చూస్తే ఉపవాసమున్నట్టే అనిపించేది. ఆకలికి బయట అన్నం తింటున్నాడేమోనని అనుమానమొచ్చి, అతని బస్సు కండక్టర్ సీతారాములును దారిలో ఆపి మరీ అడిగింది.

"మీ అన్న నీ సద్దిల చెయ్యి పెడ్తున్నడా ఏంది?"

"లే వదినె, ఒట్టు. నేను పిలిచినా రాడు."

నెల తిరిగింది. షుగరు ఇసుమంతైనా దిగలేదు.

డాక్టరు గదిలో మణెమ్మ విరుచుకుపడింది. "మీ డబల్ రొట్టెతోని ఏం ఫాయిదా సారూ! పులుపుకు నా చేతులు మండినయి గని, గా షుగరుకు ఏం కాలే!"

ఆయన కోప్పడలేదు. "డ్యూటీ దిగాక ఏం తింటాడమ్మా?"

"రెండింటికి ఇంటికొస్తడు. అన్నం పెడ్త."

"అన్నమా? రోజూనా?"

"పెట్టొద్దా మరి? పొద్దుగాల సంది ఏం తిన్లే గద సారూ. ఉపాసమున్నడని ఇంకో రెండు ముద్దలు ఎక్కువనే పెడ్త."

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టాడు. అంతయ్య తల దించుకున్నాడు. మణెమ్మకు విషయం అప్పుడు తలకెక్కింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

బయటికి రాగానే మొగుడి మీద పడింది. "నువ్వన్న వద్దనొద్దా?"

"నువ్వు గంత పావురంగ, ప్రేమగ పెడ్తుంటె ఎట్లనాలె?"

సోమవారం నుంచి గేటు డ్యూటీ పడింది. మళ్లీ పరీక్ష మూడు నెలల తర్వాతే. ఆ రోజు రెండింటికి అంతయ్య ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అలవాటుగా పీట వేసుకుని కూర్చున్నాడు. మణెమ్మ అన్నం గిన్నె మూత తియ్యలేదు. అతని వైపు చూడకుండా ఖాళీ డబ్బా అందుకుంది.

"సద్ది తిన్నవు గద," అంది.