రేవులో నేనిచ్చిన అయిదు పైసలు

ఏటి మీద వంతెన తెరిచారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్నాడపడుచు. మోకాళ్ళ మందు కోసం విజయనగరం వచ్చి, నా గదిలో చాప మీద కాళ్ళు చాపుకుని కూచుని, మన రేవు కాడ ఆటో ఎక్కితే వక్క నమిలినంత సేపు పట్టనేదొదినా, అవతల దింపీసినాడు అని చెప్పింది. ఇక్కడ పడవుండేదని చెబితే ఆటో అతను నమ్మలేదట. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె వెళ్ళాక దీపం పెట్టి దేవుడి ముందు కూచున్నాను గానీ, నోట నామం ఆడలేదు, కళ్ళ ముందు నాగావళి పారుతూనే ఉంది.

నా ఈడువాళ్ళకి అరవైల చివరి రోజులు గుర్తుండే ఉంటాయి. పనికి వెళ్ళిరావడమంటే ఇప్పుడు బస్సు చార్జీ, పెట్రోలు అంటున్నారు గానీ, అప్పట్లో మా పక్కన సగం మందికి దారంటే ఏరే. నేను గజపతినగరం వైపు మెట్ట ఊరి పిల్లని. బడి గడప తొక్కలేదు. నాన్న పూజ ముగించుకుని, అదే పీట పక్కన ఇసక పోసి అక్షరాలు దిద్దించారు. అబద్ధం ఆడకూడదనీ, ఒకరి సొమ్ము ఉంచుకోకూడదనీ ఆ ఇసకలోనే నేర్పారు. ఆయన నేర్పిన ఆ రెండు మాటలూ ఎంత ఖరీదైనవో ఆయనకి తెలియదు పాపం.

పెళ్ళై ఏటి గట్టు ఊరికి వచ్చిన నాలుగో ఏట నా భర్త జ్వరంతో పోయారు. పిల్లల్లేరు. ఉమ్మడి ఇల్లు, బావగారి పెత్తనం. అటువంటి రోజుల్లో, సింహాద్రి అప్పన్న దయ కాకపోతే మరేమిటి, ఊళ్ళు తిరిగే గ్రామసేవిక ఒకావిడ నా చేతిరాత చూసి, అవతలి ఒడ్డున కొత్తగా పెట్టిన బాలవాడిలో పంతులమ్మ పని ఇప్పించింది. పిల్లలకి పాటలు చెప్పడం, ముక్కులు తుడవడం, పాలపొడి కలిపి పోయడం. జీతం ఏమంత కాదు గానీ, ఆ పిల్లలు టీచరమ్మా అని కొంగు పట్టుకుంటే నేనింకా బతికున్నానని అనిపించేది.

పడవ నడిపేవాడిని ఊరంతా పడవ మావ అనేది, నేనూ అలాగే అనేదాన్ని. యాభై దాటిన మనిషి, నల్లగా, గెడకర్రలా నిటారుగా ఉండేవాడు. శ్రావణంలో ఏరు పొంగి అందరూ గట్టు మీదే ఆగిపోయిన రోజున, నా పలకల పెట్టె నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ అవతల పెట్టి వచ్చి, పలకలెల్లిపోనాయి, పంతులమ్మ రేపెల్తాది అని నవ్వించాడు. ఆ పెట్టెలోకి ఒక్క చుక్క నీరు దిగలేదు.

మా ఊరి పద్ధతి ఇక్కడ చెప్పాలి. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు చాకలికీ మంగలికీ తీసినట్టే పడవ మావకీ ప్రతి ఇంటివాళ్ళూ కొన్ని కుంచాలు తీసిపెట్టేవారు, దాన్ని పడవ మేర అనేవాళ్ళు. మేర పెట్టిన ఇంట్లో పుట్టినవాళ్ళూ మెట్టినవాళ్ళూ, పురిటికొచ్చిన ఆడపిల్లలూ, ఆఖరికి ఆ ఇంటి ఎడ్లూ ఏడాది పొడుగునా ఉత్తి చేతులతో ఏరు దాటొచ్చు. రేవులో చేతికి డబ్బులిచ్చేది పై ఊరివాళ్ళే. డబ్బులిచ్చినవాడు ఈ ఊళ్ళో ఏ ఇంటికీ చెందనివాడని అర్థం. ఏరు లేని ఊళ్ళో పెరిగిన నాకు ఈ చివరి మాట తెలియదు. తెలియకపోవడమే నా కొంప ముంచింది.

నాకు మొదటి జీతం వచ్చిన మర్నాడు, చద్దన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే మా తోడికోడలు గడప మీద నిలబడి అందరూ వినేటట్టు అడిగింది. “ఒసే, జీతం నీ కొంగునా, పడవ మా కళ్ళం మీదానా? దొరసానమ్మ ఊరేగడానికి మేం గింజలు కొలవాలేటి?” ఆ ధాన్యంలో నా భర్త చెమట కూడా ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు. నాన్న మాట తట్టింది. ఆ రోజే పడవెక్కుతూ కొంగు ముడి విప్పి అయిదు పైసల బిళ్ళ పడవ మావ చేతిలో పెట్టాను.

నిప్పు పడినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఏటి కోడలమ్మా ఇది? మీ కళ్ళం గింజలు నాను తింటన్నాను గదా! తీసీ, ఎవులైనా సూస్తే బాగోదు.”

ఉంచు మావా, నా జీతంలోదే అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

“జీతమొస్తే ఇంటి మనిసివి కాకుండా పోతావేటి?” అన్నాడు. నేను వినలేదు. బిళ్ళ బల్ల మీద పెట్టి, ఎదురుగా కూచున్న నలుగురి మొహాలూ చూడకుండా తల దించుకున్నాను. నడి ఏటికి వచ్చాక అతను ఆ బిళ్ళ తీసి కళ్ళకద్దుకుని, “తల్లీ గంగమ్మా, నాను తిన్నేదు, నువ్వే సాచ్చికం” అని నీళ్ళలో వేసేశాడు. అప్పట్నుంచి రోజూ అంతే. నేను పెట్టడం, అతను గంగమ్మకి ఇవ్వడం. ఎంత భక్తిపరుడో అనుకునేదాన్ని. నా కోసం చేస్తున్నాడని ఎరగను.

ఆ ఏడు కళ్ళాలయ్యాక, నా భర్త వంతు గింజలు నాకు విడిగా కొలవమని చిన్నాడపడుచు చేత అడిగించాను. బావగారు గట్టిగా ఒక్క మాటైనా అనలేదు, కోవెల అరుగు మీదికి పెద్దమనుషులని పిలిపించారు. ఆమె తనంత తానే ఇల్లు విడిచింది, ఏడాదిగా పై మనిషిలా రేవులో డబ్బులిచ్చి ఏరు దాటుతోంది, ఇక మా ఇంట్లో ఆమెకి వంతేమిటి అన్నారు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నాకు ఇప్పటికీ భయం.

పడవ మావని పిలిచారు. “ఒరే కూర్మయ్యా, ఈయమ్మ రేవుకూలి ఇచ్చి దాటిందా, నేదా?” అని వాళ్ళలో పెద్దాయన అడిగారు. అతని పేరు కూర్మయ్య అని నేను వినడం అదే మొదలు.

“నేదు బాబూ. ఆయమ్మ ఆ ఇంటి మనిసి. ఆయమ్మ కాడ నాను పైసా తిన్నేదు.”

అంతటితో అయిపోయేది. నా అన్నం, నా భర్త గుర్తు, అన్నీ ఆ ఒక్క మాటతో దక్కేవి. కానీ పెద్దాయన కోవెల వైపు చెయ్యి చూపించి, “నువ్వు సెప్పమ్మా, దేవుడి ముందర సెప్పు. ఇచ్చినావా, నేదా?” అన్నారు.

ఇచ్చానండి అన్నాను.

ఇచ్చాను, అతను పుచ్చుకోలేదు, ఏట్లో వేశాడు అని తక్కిన మాట కూడా చెప్పాలి కదా? చెప్పలేదు. మగవాళ్ళ మధ్య నిలబడి రెండో మాట ఆడే అలవాటు లేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి, దేవుడి ముందు నిజం చెప్పానన్న గర్వంతో నా గొంతు నిండిపోయింది. పడవ మావ నా వైపు ఒక్కసారి చూసి, తలపాగా భుజాన వేసుకుని, అరుగు దిగిపోయాడు.

అడిగినవాళ్ళకి అదే చాలు. నాకు వంతు లేదని తేలింది. పెద్దల ముందు అబద్ధమాడినవాడి చేతిలో రేవు ఎలా ఉంచుతామని, ఆ వేసవిలోనే పడవ ఇంకొకడికి ఇచ్చేశారు. నేను అవతలి ఒడ్డున గది తీసుకున్నాను. ఇక రోజూ ఏరు దాటే పని లేదు, మేర లేదు, కూలి లేదు. అలా తప్పింది నాకు పనికి వెళ్ళే ఖర్చు.

కొన్నేళ్ళకి ఏదో పని మీద వెళ్తూ నౌపడ స్టేషన్లో బండి కోసం కూచుని ఉంటే, ఉప్పు మడుల కూలీల గుంపులో నిటారుగా నడిచొస్తున్న మనిషిని చూసి లేచి నిలబడ్డాను. పడవ మావే. పాదాలు పగిలి, పగుళ్ళలో ఉప్పు తెల్లగా పట్టేసింది. నేను ఏడవబోతుంటే తనే నవ్వించాడు. “నీళ్ళ మీద బతికినోడికి నీళ్ళ పనే దొరికింది కోడలమ్మా. ఒకటే తేడా, ఇక్కడ నీళ్ళు పారవు, ఎండిపోతాయంతే.”

ఆ రోజు తక్కిన మాట చెప్పి ఉండాల్సింది మావా అన్నాను.

“వోళ్ళు అడగనేదు గదా” అన్నాడు. కాళ్ళకంటిన ఉప్పు దులుపుకుంటూ, “నువ్వూ అబద్దం ఆడనేదు, నానూ ఆడనేదు. మరెవులాడినారో గంగమ్మకే ఎరిక” అన్నాడు. బండి వచ్చింది. అదే ఆఖరి చూపు.

దేవుడు నాకు తక్కువేమీ చేయలేదు. బాలవాడి అన్నం పెట్టింది, పని మానేసి విజయనగరం చేరాక కూడా ఆ పిల్లల పిల్లలు పండగకి వచ్చి దణ్ణం పెట్టి వెళ్తారు. రోజూ పేరుపేరునా అందరినీ తలుచుకుని కృతజ్ఞత చెప్పుకుంటాను. బావగారిని కూడా తలుచుకోవాలని చూస్తాను, కుదరదు. వంతెన మీద ఇప్పుడు ఏ ఇంటి మనిషివి అని ఎవరూ అడగరట, అందరూ ఒకటే చార్జీ ఇచ్చి పోతారట. మంచిదే. ఆ మంచి నాకు యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది, కూర్మయ్యకి అసలు రానేలేదు.

ఏరు దాటేటప్పుడు గంగమ్మకని బిళ్ళ విసిరే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాగావళి మీదుగా ఎప్పుడైనా వెళ్తే, ఆ బిళ్ళ వేసేముందు ఒక్కసారి కూర్మయ్య అని తలుచుకోండి. పైసా తినలేదని అతను చెప్పింది నిజం. ఆ సాక్ష్యం ఆనాడు నేను చెప్పలేదు, ఈనాడు మీ ముందు చెబుతున్నాను.