తిమోతి చూడని నాటకం

మెట్‌పల్లి డిపోలో ముప్ఫై రెండేళ్లు కండక్టరుగా చేసిన తిమోతికి రెండు పిచ్చులు: కవిత్వం, నాటకం. డ్యూటీలు మార్చుకొని మరీ భైంసాకు వెళ్లి మరాఠీ నాటకాలు, మంథనికి వెళ్లి పద్యనాటకాలు చూసేవాడు. టికెట్ల అట్టల వెనక కవితలు రాసి, ఇంటికొచ్చి భార్య రిబ్కమ్మకు వినిపించేవాడు. ఆమె బియ్యం ఏరుతూ వినేది. సొంత ఖర్చుతో రెండు పుస్తకాలు అచ్చేసుకున్నాడు. రెండోదాని కట్టలు ఇప్పటికీ మంచం కిందే ఉన్నాయి. అయితే జనానికి కవి కన్నా విమర్శకుడే ఎక్కువ తెలుసు. పేపర్లో తిమోతి సమీక్ష వచ్చిందంటే నటులకు గుండెలు జారేవి. మొహమాటం అనేది ఆ మనిషి ఒంట్లో లేదు. గొంతు చివరి వరుసకు వినబడకపోతే ఎంతటివాడినైనా సరే, పేరు పెట్టి ఉతికి ఆరేసేవాడు. దానివల్ల స్నేహితులు ఎంతమంది మిగిలారో వేరే చెప్పక్కర్లేదు.

మొన్న ఏప్రిల్‌లో రిబ్కమ్మ పోయింది. ఇప్పుడు ఏదన్నా రాస్తే వినే దిక్కు లేదు. పొద్దున ఒక గ్లాసు బియ్యం వండుకొని రాత్రికీ అదే తింటాడు. అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగి "విన్నవా?" అని అడిగిన రోజులున్నాయి. ఒంటరితనం మీద పాతికేళ్ల వయసులో ఆయన బోలెడు కవితలు రాశాడు. పాపం, అప్పటికి దాని సంగతి ఏమీ తెలియదు.

నవంబరులో చర్చి పెద్ద మైసయ్య వచ్చి కూర్చున్నాడు. ఏటా చర్చి నాటకానికి తెర లాగేది ఆయనే.

"అన్నా, క్రిస్మస్‌కు సంచిక తీస్తున్నం. వదినె ఇరవై ఆరేండ్లు సత్రం నడిపేటామె వేషం కట్టింది గద. గా వేషం మీద నువ్వొక పేజీ రాయాలె. నీకంటె మంచిగ ఎవలు రాస్తరు?"

తిమోతి సరేనన్నాడు. మైసయ్య వెళ్లాక తలుపు వేసుకొని కూలబడ్డాడు. ఆ వేషం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

క్రిస్మస్‌కు ముందటి ఆదివారం సాయంత్రం చర్చి ఆవరణలో యేసు పుట్టుక నాటకం వేస్తారు. యోసేపు, మరియ వచ్చి తలుపు కొడితే సత్రం నడిపే ఆమె చోటు లేదంటుంది. ఆమెకున్నది ఆ కాసిని మాటలే. సరిగ్గా అదే వారం కరీంనగర్‌లో నాటక పోటీలు. దుప్పట్లు కప్పుకొని గొర్రెల కాపరులమనే పిల్లల ఆట కోసం పోటీలు ఎవడు వదులుకుంటాడు? "గీసారన్న వస్తవా?" అని మొదట్లో రిబ్కమ్మ అడిగేది. తర్వాత మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా ఆయన గమనించలేదు. అదే ఇప్పుడు లోపల తొలిచేస్తోంది.

అందుకే ఆ పేజీ రాసి తీరాలనుకున్నాడు. ఊళ్లోవాళ్ల మీదంతా రాసి, కట్టుకున్నదాని మీద ఒక్క అక్షరం రాయలేదు. ఇది కూడా తప్పిపోతే ఇక చేయగలిగింది ఏమీ లేదు. 'మీ మాటలు గూడ సంచికల ఏస్త' అని అబద్ధమాడి ఇల్లిల్లూ తిరిగాడు. "మస్తు నవ్విచ్చేది" అన్నాడు ఒకాయన. "నాకైతే ఏడుపొచ్చేది" అంది ఆయన భార్య. ఫోన్లలో వీడియోలు వెతికించాడు. ఎవరి ఫోన్ చూసినా దేవదూత వేషంలో వాళ్ల పిల్లలే. ఒకదాంట్లో మాత్రం ఓ మూల రిబ్కమ్మ మోచేయి కనబడింది. దాన్ని నాలుగుసార్లు చూశాడు.

మైసయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు. "నాటకమైనంక ఇస్త" అని నెట్టుకొచ్చాడు తిమోతి.

ఆ ఆదివారం వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాడు. సత్రం ఆమె వేషం ఈసారి రిబ్కమ్మ చెల్లెలి బిడ్డ షారోన్‌ది. అచ్చం పెద్దమ్మలాగే చేస్తానని పట్టుబట్టి తీసుకుంది. యోసేపు తలుపు కొట్టాడు. షారోన్ కొంగు నడుముకు దోపుకొని వచ్చింది. ఇంకా నోరు విప్పనే లేదు, జనం అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

"జాగ లేదు బిడ్డా, పొయ్యికాడ గూడ ఇద్దరు పండిండ్రు!"

సగం మంది ఆమెతో గొంతు కలిపారు. షారోన్ తలుపు వేసింది. మళ్లీ ఓరగా తెరిచి, మరియ కడుపు వైపు చూసి, తన శాలువా తీసి ఆ పిల్లకు కప్పింది. నవ్వినవాళ్లే ముక్కులు చీదారు. అంతమందిలో ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఏడవాలో తెలియనివాడు తిమోతి ఒక్కడే. జిల్లాలో పేరుమోసిన విమర్శకుడు బిక్కమొహం వేసుకొని కూర్చున్నాడు.

నాటకం అవగానే షారోన్ పరుగున వచ్చింది. "పెద్దబాపూ, పెద్దమ్మ లెక్కనే చేసిన్నా?"

"నాకెట్ల తెలుస్తది బిడ్డా? మీ పెద్దమ్మ చేసింది నేను చూడలే. ఒక్కసారి గూడ చూడలే." పక్కనే ఉన్న మైసయ్య వైపు తిరిగాడు. "గా పేజీ నాతోని కాదు తమ్మీ. చూడనిది ఏం రాయాలె?"

షారోన్ నమ్మలేనట్టు చూసింది.

"చూడలేదా? నేను లోపల పిల్లలకు రెక్కలు కట్టుకుంట ఉండేదాన్ని, నువ్వొచ్చి కూసుంటవనే అనుకున్న. పెద్దమ్మ ముందటి వరుసల కుర్చీ మీద దస్తీ ఏసేది గద! ఎవలన్న కూసుంటె స్టేజీ దిగి వచ్చి లేపేది. మా ఆయన బస్సు దిగి వస్తుండు అనేది."

తిమోతి ముందు వరుస కుర్చీల వైపు చూశాడు. "ఎన్నేండ్ల కింద?"

"ఎన్నేండ్ల కిందేంది పెద్దబాపూ? పోయిన క్రిస్మస్‌కు గూడ దస్తీ ఏసింది."